రిబ్బను గిటారు, బోడి గిటారు

మా చర్చి సంఘానికి ఎలక్ట్రిక్ గిటారు కొనాలని పెద్దలు తీర్మానించిన రోజున నేనొక అబద్ధం ఆడాను. అదీ గుళ్లో, ప్రార్థన అయిన మరుక్షణం. "ఎలక్ట్రిక్ గిటార్ల గురించి నాకంతా తెలుసు మేస్టారూ" అన్నాను. నిజానికి దాన్ని జన్మలో ఒక్కసారే చూశాను. విశాఖపట్నంలో సువార్త సభలకి వెళ్లినప్పుడు, జనం తలల మీదుగా. అంత దూరం నుంచి అది గిటారో గరిటో కూడా తేల్చి చెప్పలేం. కానీ నాకు నోరెక్కువ. ఈ మాట మా అమ్మది. నేను కాదనను.

రెండు వేల సంవత్సరం దాటిన కొత్త రోజులు. నాకు ఇరవయ్యేళ్లు. అరకు స్టేషనుకి కాస్త దూరంలో ఉన్న మా ఊరి గుళ్లో మూడేళ్లుగా నేనే గిటారు వాయిస్తున్నాను. మిషన్ వాళ్లెవరో వదిలి వెళ్లిన పాత చెక్క గిటారది. ఆరు తీగలుండాల్సిన చోట ఐదే ఉండేవి. ఆ ఐదింటితోనే కీర్తనలన్నీ నెట్టుకొచ్చాను. తీరా కొత్తది వస్తోందనేసరికి, దాన్ని మగపిల్లాడు వాయిస్తే నిండుగా ఉంటుందని కొందరికి తోచింది. నాకు ఒళ్లు మండింది.

ఆ మగపిల్లాడు సంఘ పెద్ద అల్లుడు. విశాఖలో ఉంటాడు, గిటారు వాయిస్తాడు. సంఘ పెద్ద అంటే మా ఊరి బళ్లో పాఠాలు చెప్పి రిటైరైన మేస్టారే. ఆయన అల్లుడని వెనకేసుకు రాలేదు. నన్ను పిలిచి, "అంతా తెలుసన్నావు గదా. విశాఖ నుంచి దుకాణమోడు రెండు గిటార్లు అట్టుకొత్తాడు, నువ్వే ఎంచు. ఊరికే ఎంచడం కాదు, ఎందుకు ఎంచినావో కారణం సెప్పాల. సెప్పగలిగితే నువ్వే వాయిద్దువు. లేదంటే మా అల్లుడు వాయిత్తాడు" అన్నారు. సరేనని తలూపి ఇంటికొచ్చాను. ఆ రాత్రి అన్నం సహించలేదు.

సెమీ హాలో రకం కొందామన్నది కూడా ఆయనే. మామూలు ఎలక్ట్రిక్ గిటారు గట్టి చెక్క, కరెంటు పోతే కట్టెతో సమానం. ఈ రకానికేమో మధ్యలో చెక్క దిమ్మ, రెండు పక్కలా బోలు, పైన వయొలిన్‌కి ఉన్నట్టు రెండు వంకర రంధ్రాలు. కరెంటు లేకపోయినా ఎంతో కొంత పలుకుతుంది. "సగం కరెంటు మీద, సగం దేవుడి దయ మీద పన్జేత్తాది" అని సంఘానికి వివరించారు. మా ఊరి కరెంటు సంగతి తెలిసినవాళ్లెవరూ ఎదురు చెప్పలేదు.

శుక్రవారం, సంత రోజు, దుకాణం మనిషి ఉదయం కిరండూల్ పాసింజరులో దిగాడు. రెండు చేతుల్లో రెండు నల్లపెట్టెలు. మధ్యాహ్నం దిగువకి వెళ్లే బండిలో ఒకటి వెనక్కి పట్టుకుపోవాలి, ఒకటి మాకు వదలాలి. మధ్యలో ఉన్నవి నాలుగైదు గంటలే. మా వసారాలో చాప మీద పెట్టెలు రెండూ తెరిచాడు.

ఓలమ్మో! తేనె రంగు, నున్నటి మెరుపు, పక్కపక్కన రెండు. ఒకదాన్ని ముట్టుకోగానే నాకు నవ్వొచ్చింది. రెండోదాన్ని ముట్టుకున్నాను, ఇంకా నవ్వొచ్చింది. దుకాణం మనిషి నన్నోసారి, మా అయ్యనోసారి చూశాడు. "మా గుంట అంతేలెండి" అన్నాడు అయ్య. అప్పటికే గుళ్లోంచి శబ్దం పెంచే యాంప్ తెచ్చి పెట్టుకున్నాం. తీగ తగిలించి మీట నొక్కానో లేదో, కరెంటు పోయింది. సాయంత్రం దాకా రాదని రోడ్డు మీద ఎవరో అరిచి చెప్పారు.

ఎలక్ట్రిక్ గిటారు ఎంచుకోవాలి, కరెంటు లేదు. ఎంచుకోవాల్సిన మనిషికి ఏమీ తెలీదు. ఇంక నవ్వక ఏం చెయ్యను? కడుపు పట్టుకుని నవ్వాను.

ఒకటి వాయిస్తాను, రెండోది వాయిస్తాను, మళ్లీ మొదటిది. నాలుగోసారికి ఏది మొదటిదో మర్చిపోయాను. రెండూ అచ్చం ఒకేలా ఉన్నాయి మరి. జడ రిబ్బను విప్పి ఒకదాని మెడకి కట్టాను. అప్పట్నుంచి అది రిబ్బనుది, ఇది బోడిది.

ముందు అమ్మ వచ్చింది. సంతలో కుండ కొనేటప్పుడు చేసేట్టే వేలి కణుపుతో రెండింటినీ తట్టి చూసింది. "రిబ్బన్దే కంగుమంతంది. బోడిదానికి జలుబు సేసినట్టుంది" అని తేల్చేసి వంటింట్లోకి పోయింది.

తర్వాత అయ్య. మాకు కొండవాలున కాఫీ తోట ఉంది. అయ్యకి ఏ సరుకు తెలియాలన్నా కాటా ఉండాల్సిందే. కాఫీ బస్తాలు తూచే వేలాడే కాటా దూలానికి తగిలించి, గోనెతాడుతో గిటార్లని ఒక్కోదాన్నీ వేలాడదీశాడు. దుకాణం మనిషి కింద రెండు చేతులూ పట్టి నిలబడ్డాడు, ఎక్కడ పడిపోతుందోనని. బోడిది బరువు తూగింది.

"తడి సరుకు" అన్నాడు అయ్య.

"తడేటండీ! లోపల దిమ్మ బరువది."

"ఏపారస్తులందరూ ఇదే మాట సెప్తారు." కాఫీ గింజ ఎండిందో లేదో అయ్య కొరికి చూస్తాడు. అలవాటు కొద్దీ బోడి గిటారు మెడ నోటిదాకా తీసుకెళ్లాడు.

"బాబ్బాబు! అది కొరకడానికి కాదండీ బాబూ!" దుకాణం మనిషి గభాలున లాక్కున్నాడు. నేను చాప మీద పడి దొర్లాను.

నవ్వు ఆగాక నా వంతు చూడడం నేనూ చూశాను. కరెంటు లేకుండా రిబ్బనుది గట్టిగా పలుకుతోంది, ముంగిట్లో ఉన్న మేకకి కూడా వినపడేంత. బోడిదాని గొంతు చిన్నది. పైగా ఐదో మెట్టు దగ్గర నొక్కితే మూడో తీగ కాస్త గీరుకుంటోంది. లెక్క తేలిపోయింది. తట్టితే రిబ్బనుదే, తూస్తే రిబ్బనుదే, వింటే రిబ్బనుదే. మేస్టారికి చెప్పడానికి మూడు కారణాలు దొరికాయి! నా అబద్ధం నిజమైపోయినంత సంబరపడ్డాను.

"ఏటే, అన్నం తినవా? గిటారు కడుపు నింపుతాదేటి?" అని అమ్మ లోపల్నుంచి కేకేసింది. వస్తున్నానంటూనే కూర్చుని మా కొండల్లో మాట్లాడే ఆదివాసీ ఒడియాలో పాడుకునే కీర్తనొకటి వాయిస్తున్నాను. రెండో చరణంలోకి వచ్చాక చూసుకుంటే నా ఒళ్లో ఉన్నది బోడిది. ఎప్పుడు తీసుకున్నానో తెలీదు. ఛీ అని కింద పెట్టి రిబ్బనుది తీసుకున్నాను. అన్నం తిని చెయ్యి కడుక్కుని వచ్చాను, మళ్లీ బోడిదే చేతిలో ఉంది. చెయ్యిని ఓ దెబ్బ కొట్టి, దాన్ని పెట్టెలో పెట్టేసి మూత వేశాను.

మధ్యాహ్నం ముగ్గురం స్టేషనుకి బయల్దేరాం, నేను, అయ్య, దుకాణం మనిషి. సంత నుంచి తిరిగొచ్చే జనంతో ప్లాట్‌ఫారం కిటకిటలాడుతోంది. మేస్టారు సంత సంచీతో బెంచీ మీద కూర్చుని మా కోసమే చూస్తున్నారు.

"ఏది?" అన్నారు.

"రిబ్బనుది మేస్టారూ." మూడు కారణాలూ వరసగా అప్పజెప్పాను, ఒక్క మాట తడబడకుండా. కాటా సంగతి చెప్పినప్పుడు ఆయన మీసం కదిలింది. అంతా విని, "బాగుంది. ఆదివారం నువ్వే వాయించు" అన్నారు.

నేను గెలిచాను! మూడేళ్లుగా ఐదు తీగలతో కుస్తీ పట్టినందుకు గెలిచాను. అయ్య నా భుజం తట్టాడు. బండి వచ్చింది. దుకాణం మనిషి బోడి గిటారు పెట్టెతో ఎక్కి, తలుపు దగ్గరే నిలబడి చెయ్యి ఊపాడు. నేనూ ఊపాను. ఊపుతుంటే ఆ పెట్టె మీంచి చూపు తిప్పుకోలేకపోయాను. ఏడుపొస్తోంది. ఎందుకొస్తోందో నాకే అర్థం కాలేదు. బండి కూత వేసింది, కదిలింది.

పరిగెత్తాను. రిబ్బను గిటారు పెట్టె గుండెలకి హత్తుకుని, ఉల్లిపాయల గోనెలు దాటుకుంటూ, ఎవరి కోళ్లబుట్టకో తగిలి తిట్లు తింటూ పరిగెత్తాను.

"అది ఇచ్చీండి! ఇది తీసుకోండి! అది, అది!"

"ఏటమ్మా నువ్వు! పడిపోతావు!" అంటూనే ఆయన వంగి నా పెట్టె అందుకున్నాడు, తన పెట్టె వదిలాడు. బండి ఇంకా నెమ్మదిగానే పోతోంది కాబట్టి సరిపోయింది. నేను బోడి గిటారుతో సహా ప్లాట్‌ఫారం మీద చతికిలబడ్డాను. నా జడ రిబ్బను విశాఖపట్నం వెళ్లిపోయింది. నేను నవ్వుతున్నాను. ఊపిరందడం లేదు, అయినా నవ్వుతున్నాను.

తలెత్తితే మేస్టారు నిలబడి ఉన్నారు.

"ఎందుకు మార్చినావు?"

"తెలీదు మేస్టారూ."

"దీని గొంతు పెద్దదా?"

"చిన్నది."

"తేలికా?"

"బరువు. మూడో తీగ గీరుకుంటాది కూడాను. రిబ్బనుదే మంచిది మేస్టారూ, నిజంగా అదే మంచిది. నాకు ఇదే కావాలి."

"తప్పులన్నీ నువ్వే సెప్పీసి ఇదే కావాలంటన్నావా?"

"అవునండి."

"కారణం సెప్పలేకపోతే ఏటనుకున్నామో గేపకముందా?"

"ఉంది" అన్నాను. అప్పటికి నవ్వాగిపోయింది. ఆయన సంచీ భుజాన వేసుకుని వెళ్లిపోయారు. "దొరికినదాన్ని సేజేతులా పాడు సేసుకున్నావు గదే" అన్నాడు అయ్య. దారి పొడవునా పెట్టె మాత్రం ఆయనే మోశాడు.

శనివారం సాయంత్రం అల్లుడు వచ్చాడని అమ్మ కబురు మోసుకొచ్చింది. నేను గిటారు తుడిచాను, శ్రుతి చేశాను, మళ్లీ తుడిచాను. రేపు ఇంకొకరి చేతుల్లో పెట్టాల్సినదాన్ని ఇంత శుభ్రం చెయ్యడమేమిటని ఉక్రోషం వచ్చింది. అయినా మూడోసారి తుడిచాను.

ఆదివారం కరెంటు ఉంది. పాటల గుంపు పక్కన ఒకే కుర్చీ వేసి ఉంది. దాని పక్కన యాంప్, యాంప్‌ని ఆనుకుని మేస్టారు. అల్లుడు ఇస్త్రీ చొక్కాలో ముందు వరసలో కూర్చున్నాడు. నేను గిటారు పట్టుకుని నడవలో నిలబడిపోయాను. మేస్టారు అల్లుడి వైపు చూడలేదు. నా వైపు చూసి, గడ్డంతో కుర్చీని చూపించారు. వెళ్లి కూర్చున్నాను. యాంప్ తీగ ఆయనే తగిలించారు.

కరెంటుతో దాని గొంతెలా ఉంటుందో అప్పటిదాకా నేనూ వినలేదు. సంఘం అంతటితో కలిసి అప్పుడే విన్నాను. మొదటి దెబ్బకే గోడల మధ్య అంత వెచ్చగా, అంత పెద్దగా నిండిపోయేసరికి, కీర్తన ఎత్తుకుంటూనే, దేవుడి సన్నిధిలో, నేను పైకే నవ్వేశాను. జనం తలలు తిప్పి చూశారు. మేస్టారి చెయ్యి యాంప్ మీదున్న శబ్దం మర దగ్గరికి వెళ్లింది. తగ్గించేస్తారనుకున్నాను.

పెంచారు.