పోయే తీగ, వచ్చే తీగ

ఆ వానాకాలం నాలుగు రోజులుగా కాట్రేనికోన వైపు ఎండ లేదు. ఆకాశమూ చెరువులూ ఒకే రంగులో ఉండి, నడుమ గట్టు మీది కొబ్బరిచెట్లు గాల్లో నిలబడినట్టు కనిపించేవి. నేను అమలాపురంలో జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెబుతాను. శనివారం సాయంత్రం అమ్మ దగ్గరికి వచ్చాను. ఆదివారం తెల్లవారుతూనే మెలకువ వచ్చి చూస్తే, పక్క మంచం మీద అమ్మ లేదు.

బయటికి వచ్చాను. రొయ్యల చెరువులో నడుంలోతు నీళ్లలో ఉంది. బిందెతో నీళ్లు ముంచి, తలకంటే పైకెత్తి, మళ్లీ చెరువులోకే పోస్తోంది. జుట్టు తడిసి మొహానికి అంటుకుపోయింది. పెదాలు కదులుతున్నాయి, ప్రార్థనో పాటో తెలియలేదు. ఇంకా కలలోనే ఉన్నాననుకుని కాసేపు అలాగే చూస్తూ నిలబడ్డాను.

"గాలాడక పైకి తేలిపోతన్నాయమ్మా," అంది నన్ను చూసి. "ఏరేటరు తిరగట్లేదు."

నీళ్లను చిలికి గాలి కలిపే చక్రం అది. ఇన్నాళ్లూ ఇవతలి గట్టు మీది కరెంటు షెడ్డు పక్కనే ఉండేది. రొయ్యలు అవతలి గట్టు వైపు చేరుతున్నాయని ఆ వారమే దాన్ని అక్కడికి మార్చి, షెడ్డు నుంచి గట్టు పొడవునా కొత్త వైరు లాగించింది. అప్పటినుంచీ మోటారు గుర్రుమంటుంది గాని తిరగదు. కర్రతో చక్రాన్ని తోస్తే ఈసురోమంటూ కాసేపు తిరిగి, వేడెక్కి ఆగిపోతుంది.

అమ్మ చదివింది ఐదో తరగతి. ఇది వరిచేనుగా ఉన్న రోజుల్లో ఇదే నేలలో ఊడ్పులకు కూలికి వెళ్లి నన్ను చదివించింది. ఇప్పుడు దాన్నే లీజుకు తీసుకుని చెరువు సాగు చేస్తోంది. బిందె దించకుండానే అడిగింది: "నువ్వు పిల్లలకి చెప్పేది కరెంటు గురించే కదా. ఏవైందో చూడు."

సిగ్గేసింది. పన్నెండేళ్లుగా బోర్డు మీద ఓమ్ సూత్రం రాస్తున్నాను. ఒక్క మోటారు మూత కూడా విప్పి చూడలేదు.

ఫోన్ చేస్తే ఎలక్ట్రీషియన్ బాబాయిగారు మోపెడ్ మీద వచ్చారు. చక్రాన్ని కర్రతో తోసి తిప్పి, మీటరు పెట్టి చూశారు. షెడ్డు దగ్గర రెండువందల ఇరవై వోల్టులు. అవతల మోటారు దగ్గర నూటడెబ్బై అయిదు. తీగలో పోతున్న కరెంటు పది ఆంపియర్లు. అంటే నలభై అయిదు వోల్టులు దారిలో ఎక్కడో పోతున్నాయి.

మేత బస్తా మీద కూర్చుని పాత బిల్లు వెనక లెక్క మొదలుపెట్టాను. అంత సన్నని అల్యూమినియం తీగకు వంద మీటర్లకు ఓముకు కాస్త పైన ఉంటుంది నిరోధం. గట్టు పొడవెంతో తెలియలేదు.

"చెట్టుకీ చెట్టుకీ ఎనిమిది మీటర్లు పెట్టేరు. లెక్కెట్టుకో," అంది అమ్మ నీళ్లలోంచి.

గట్టు వెంట నడిచాను. మంచులా పడుతున్న తుంపరలో చెట్లు ఒకదాని వెనక ఒకటి వస్తూ నన్ను దాటి వెళుతున్నట్టుంది. వెనక నుంచి బిందె నీళ్లు పడుతున్న చప్పుడు. రెండుసార్లు లెక్క తప్పాను. మొత్తం పాతిక ఎడాలు, రెండువందల మీటర్లు. నిరోధం రెండుంపావు ఓములు. పది ఆంపియర్లకు పోయేది ఇరవై రెండున్నర వోల్టులే. మీటరు చూపించినదాంట్లో సగం. మళ్లీ వేశాను, మళ్లీ అంతే వచ్చింది.

నా భుజం మీదుగా చూస్తున్న బాబాయిగారు కాస్త మొహమాటపడుతూ అన్నారు: "ఒక్క మాటండీ మేడంగారూ. ఎల్లిన కరెంటు తిరిగి రావాలి కదండీ. మీరు పోయే తీగొక్కటే లెక్కేసేరు."

నాలుగువందల మీటర్లు. నాలుగున్నర ఓములు. నలభై అయిదు వోల్టులు. కాగితం మీది అంకె, మీటరులోది ఒకటే అయ్యాయి. బొమ్మలో రెండు గీతలూ నేనే గీస్తాను ఏటేటా. నిజంగా తీగ కనబడేసరికి ఒకటే చూశాను.

"నాలుగువందల యాభై వాట్లు మోటారుకి చేరకుండా తీగలోనే అయిపోతున్నాయి బాబాయిగారూ. దీని పక్కనే ఇంకో జత లాగి, రెండు చివర్లా కలిపేస్తే నిరోధం సగమవుతుంది."

"ఆయ్. పక్క చెరువోళ్ల షెడ్డులో ఇలాంటి చుట్టే ఉందండీ. అడిగొస్తాను."

తెచ్చారు. మెయిన్ తీసేసి ఇద్దరం గట్టంతా వైరు పరిచాం. స్విచ్చి వేయగానే చక్రం ఎవరూ తోయకుండానే కదిలింది. మొదట నెమ్మదిగా, తరవాత నురగలు కక్కుతూ తిరిగింది. మోటారు దగ్గర నూటతొంభై ఏడు వోల్టులు ఉన్నాయి. గట్టువార రెండు బుట్టల రొయ్యలు చచ్చి తేలాయి. మిగిలినవి మెల్లమెల్లగా కిందికి దిగిపోయాయి.

అమ్మ గట్టెక్కి చీరకొంగు పిండుకుంటూ అడిగింది: "మరి ఇన్నాళ్లూ ఆ కరెంటంతా ఏవైపోయింది?"

"తీగని వేడి చేసిందమ్మా."

వంగి, వైరు మీద అరచెయ్యి ఆనించి చాలాసేపు ఉంచింది. "చల్లగానే ఉంది కదా," అంది.

"ఆ వేడి నాలుగువందల మీటర్ల పొడవునా పరుచుకుంది. నీ చేతి కిందికి ఎంత వస్తుంది?"

అమ్మ నవ్వింది. చర్చికి వేళయిందంటూనే షెడ్డులోకి వెళ్లి, నులకమంచం మీద అలా ఒరిగి, తడిచీరతోనే నిద్రపోయింది. నేను దుప్పటి కప్పి పక్కన కూర్చున్నాను. తుంపర ఆగలేదు. నురగ తెల్లగా గట్టు దాకా వచ్చి, అక్కడ చప్పుడు లేకుండా విరిగిపోతోంది.