తోటకు కొట్టే మందు

పిడుదులు పట్టాయని కుక్కకు పొలం మందు పూసేవాళ్లు మీ ఊళ్లోనూ ఉన్నారా? ఉంటే ఇది వాళ్లకు చదివి వినిపించండి.

ఈ రోజు మా పిల్లికి టీకా వేయించడానికి ఆత్మకూరు పశువుల ఆసుపత్రికి వెళ్లాను. నా ముందు ఉదయగిరి వైపు నిమ్మతోట రైతు ఒకాయన తన కుక్క టైగర్‌ను దుప్పట్లో చుట్టి తెచ్చాడు. దాని నోట్లోంచి నురగ కారుతోంది, ఒళ్లంతా వణుకుతోంది.

"ఏం తినింది?" అన్నాడు డాక్టరు.

"ఏం తిన్లా సార్. పిడుదులతో గీరుకుంటా ఉంటే చూళ్లేక, తోటకు కొట్టే మందు నీళ్లలో కలిపి పూసినాను."

"కుక్క ఒళ్లు నాక్కోదా అయ్యా? పిడుదులకు మందు వేరే ఉండాది. ఒక్క మాట అడగొచ్చు గదా!"

సూది వేస్తూనే, ఇంట్లో ఇంకేమైనా పెంచుతున్నారా అని డాక్టరు అడిగాడు. రైతు ముఖం పాలిపోయింది. పిల్లికి కూడా పూశాడట. చేతులకు కవర్లు తొడుక్కుని దాన్ని వెంటనే సబ్బుతో కడిగి తీసుకురమ్మని రైతు చేత ఆయన కూతురికి ఫోన్ చేయించాడు డాక్టరు.

కాసేపటికి టైగర్ వణుకు ఆగిపోయింది. ఊపిరీ ఆగిపోయింది. అప్పుడే ఫోన్ మోగింది. కూతురి గొంతు అందరికీ వినిపించింది.

"నాయనా, పిల్లిని కడిగేసినాం, ఆటో ఎక్కినాం. బాగానే ఉండాది. టైగర్ ఎట్టుండాడు?"

ఆయన దుప్పటి అంచును కుక్క ముఖం మీదికి లాగాడు.

"నువ్వు పిల్లిని జాగ్రత్తగా పట్టుకో తల్లీ" అన్నాడు.

తర్వాత వంతు మాదే. పిలిచినా నాకు లేవబుద్ధి కాలేదు.