తుప్పు కింద బయటపడిన అతుకు

ఈ రోజు ఆదోనిలో మా పాత పికప్ బండి ఛాసీకి తుప్పు వదిలించి రంగు వేసే పని పెట్టుకున్నాం. నాన్న ఆస్పరి నుంచి ఆదోని మార్కెట్‌కు ఏళ్ల తరబడి పత్తి తోలిన బండి అది. బాడీ దింపేసి, నేనూ వెల్డర్ నాగరాజూ అతని షెడ్డులో పొద్దుటి నుంచి వైర్ బ్రష్‌లతో గీకుతూనే ఉన్నాం. వెనక చక్రం దగ్గర తుప్పు రాలేసరికి ఎప్పటిదో ఒక వంకర అతుకు బయటపడింది.

నాగరాజు నెత్తి కొట్టుకున్నాడు. "ఏ మొద్దోడు ఏసినాడన్నా దీన్ని? ఇది ఊడిందంటే ఛాసీని పాతినుం కింద తూకానికి ఏసుకోవాల్సిందే."

నేను వంగి ఆ అతుకును వేలితో తడిమి చూశాను.

షెడ్డు ముందు కూర్చుని టీ తాగుతున్న నాగరాజు వాళ్ల నాన్న ఈరన్న మెల్లగా అన్నాడు. "నేనే ఏసినా లేప్పా. ఆ పొద్దు కరెంటు వస్తా పోతా ఉండె. కొట్టి సూడు, ఊడితే సెప్పు."

నాగరాజు పెద్ద సుత్తి తీసుకుని కొట్టాడు. అతుకు కదల్లేదు. పంతం కొద్దీ ఇంకా గట్టిగా కొట్టాడు. ఈసారి సుత్తే పిడి నుంచి ఊడి అవతల పడింది.

ఈరన్న నవ్వలేదు. లేచి వచ్చి, తుప్పు పట్టకుండా పూసే రెడ్ ఆక్సైడ్ డబ్బాను కొడుకు చేతికి ఇచ్చి పట్టుకోమని, ఆ అతుకుకు తనే రంగు పూశాడు. నాగరాజు డబ్బా పట్టుకుని నిలబడ్డాడు.

నాన్న చేసిన పనికి వంక పెట్టి ఇలా దొరికిపోయినవాళ్లు మీలో ఎంతమంది? నేనైతే నేనూ ఉన్నానని రెండు చేతులూ ఎత్తుతున్నాను.