అప్పడం తిన్నవాళ్ళను క్షమించు

మా ఇంట్లో అన్నం వడ్డించడానికీ తినడానికీ మధ్య మా మావయ్యగారి ప్రార్థన ఉంటుంది. ఆయన కళ్ళు మూసుకుని "దయగల తండ్రీ" అని మొదలుపెట్టారంటే ముందు సృష్టికి స్తోత్రం చెప్పి, అక్కణ్ణుంచి మెల్లగా కృష్ణా జిల్లాకు దిగుతారు. కాలవల్లో నీళ్ళు, బంటుమిల్లి వైపు రొయ్యల చెరువులు, సముద్రం మీదికి వెళ్ళినవాళ్ళు, వాయుగుండాలు, గల్ఫులో ఉన్న మా ఆడపడుచు, మా వీధి ట్రాన్స్‌ఫార్మరు, ఎవర్నీ వదిలిపెట్టరు. ఆదివారం కోడికూర మీద ముందు నూనె తేలుతుంది, తర్వాత ఆవిరి ఆగిపోతుంది, ఆ తర్వాత మీగడలాంటిదేదో కడుతుంది. అప్పటికి ఆయన ఇంకా ప్రభుత్వాన్ని దీవిస్తూ ఉంటారు.

ఆయన ఇరిగేషన్ శాఖలో వర్క్ ఇన్‌స్పెక్టరుగా చేసి రిటైరయ్యారు. సొంతూరు దివిసీమలో కోడూరు దగ్గర. ఇప్పుడు బందరులో మా దగ్గరే ఉంటారని అందరికీ చెబుతాం కానీ ఇల్లు ఆయన కట్టించింది, మేమే ఆయన దగ్గర ఉంటున్నాం. చర్చిలో సంఘపెద్ద. తాటిచెట్టంత మనిషి, మాట తక్కువ. నవ్వగా చూసినవాళ్ళు లేరు. ఆయన పెళ్ళి ఫోటోలో కూడా హాజరు వేయించుకోవడానికి వచ్చినట్టు నిలబడి ఉంటారు. ఆయనంటే నాకు భయమే కానీ అంతకన్నా ఇష్టం ఎక్కువ. చంకలో పిల్లతో బీఎడ్ చదువుతానని నేనంటే, ఎందుకొచ్చిన చదువు అని చుట్టాలందరూ సన్నాయి నొక్కులు నొక్కారు. ఆయన మాత్రం ఏమీ అనకుండా పరీక్షల రోజుల్లో స్కూటరు తీసి గేటు దగ్గర నిలబెట్టారు.

అప్పడం సంగతి కొన్నేళ్ళ కిందటిది. ఒక ఆదివారం మధ్యాహ్నం ప్రార్థన వాయుగుండాల దాకా వచ్చింది. ఇల్లంతా నిశ్శబ్దం. ఉన్నట్టుండి కటుక్కున చప్పుడైంది. ఆకలికి ఆగలేక మా ఆయన, ఇద్దరు పిల్లల తండ్రి, అప్పడం కొరికారు. మావయ్యగారు ఆగారు. కళ్ళు తెరవలేదు. అదే గొంతుతో, అదే గాంభీర్యంతో "ప్రభువా, అప్పడం తిన్నవాళ్ళను క్షమించు" అని, అక్కణ్ణుంచి విద్యుత్ శాఖవారి మీదికి వెళ్ళిపోయారు. ఎవరూ ఊపిరి పీల్చలేదు. నేను నవ్వు ఆపుకోవడానికి చీర చెంగు నోట్లో కుక్కుకున్నాను. మా ఆయన మిగిలిన సగం అప్పడం చేత్తో పట్టుకుని ఆమేన్ దాకా దొంగలా కూర్చున్నారు. అంత పెద్దమనిషి అంతమందిలో కొడుకుని మందలించారని ఆ పూట అన్నం కూడా చప్పుడు చేయకుండా తిన్నాం.

నేను ప్రైవేటు హైస్కూల్లో లెక్కలు చెబుతాను. ఈ ప్రార్థన సంగతి స్టాఫ్ రూములో అభినయించి చూపించడం నాకు అలవాటైపోయింది. సైన్సు టీచరైతే అప్పడం దగ్గరికి వచ్చేసరికి టేబులు పట్టుకునేది. ఆవిడే వాట్సాప్‌లో వచ్చిన ఒక ప్రకటన చూపించింది. గుడివాడలో ఔత్సాహికులకు స్టాండప్ కామెడీ పోటీ. ఒక మైకు, అయిదు నిమిషాలు, ఎదురుగా ముగ్గురు న్యాయనిర్ణేతలు. మాటలు సొంతవై ఉండాలి, అరువు జోకులకు మార్కులు కోస్తారు. నేను ఊఁ అనేలోపే ఆవిడ నా పేరు పంపేసింది.

ఇంట్లో "మాట్లాడే పోటీ ఉందండీ" అని చెప్పాను. అబద్ధం కాదు కదా. మావయ్యగారు దాన్ని వక్తృత్వ పోటీ అనుకున్నారు. భోజనం ముందు ప్రార్థనలో వాయుగుండాల తర్వాత నన్ను కూడా చేర్చారు. "అమ్మాయికి వాగ్ధాటి దయచేయి" అని ఆయన అడుగుతుంటే నాకు కంచంలోకి చూడటానికి మొహం చెల్లలేదు. ఎందుకంటే నేను రాసుకున్న అయిదు నిమిషాల్లో నాలుగు ఆయన ప్రార్థనే.

పోటీకి ముందురోజు ఆయన ఇస్త్రీ చొక్కా తీసి కుర్చీకి తగిలించారు. "నేనూ వస్తానమ్మాయ్," అన్నారు.

ఆయన అటు వెళ్ళగానే, నేను రాసుకున్నది అప్పటికే చదివిన మా ఆయన నన్ను వంటింట్లోకి పిలిచారు. "ప్రార్థన ముక్క తీసెయ్. నాన్న ముందు వరసలో కూర్చుంటారు. పదిమందిలో ఆయన్ని నవ్వులపాలు చేస్తే ఇక మనింట్లో ఎవరూ తల ఎత్తలేరు."

"తీసేస్తే ఇంకేం మిగులుతుందండీ?"

"లెక్కల క్లాసు గురించి ఏదో ఒకటి చెప్పు."

నిజమే అనిపించింది. బహుమతి రాకపోతే వచ్చే నష్టమేమీ లేదు. ఆయన మనసు కష్టపడితే మాత్రం నాకు తిండి సయించదు. ఆ సాయంత్రం కూర్చుని లెక్కల క్లాసు మీద జోకులు రాశాను. చదివి వినిపిస్తే మా అత్తయ్య "బాగుందమ్మా, పిల్లలకు బుద్ధి చెప్పినట్టుగా ఉంది" అన్నారు. దాంతో నా గుండె జారిపోయింది.

శనివారం పొద్దున్న కారెక్కేముందు మావయ్యగారు ప్రయాణ ప్రార్థన చేశారు. టైర్లను, బ్రేకులను, ఎదురొచ్చే లారీ డ్రైవర్లను దేవుడి చేతికి అప్పగించేసరికి ఎండ ఎక్కింది. పెడన దాటి గుడ్లవల్లేరు మీదుగా వెళ్తుంటే దారంతా నేను నా లెక్కల జోకులు లోలోపల వల్లె వేసుకుంటూనే ఉన్నాను. ఒక్కటికీ నాకే నవ్వు రాలేదు.

అది పెళ్ళిళ్ళకు అద్దెకిచ్చే హాలు. వెనక పూలదండల కొయ్యచట్రం ఇంకా తీయలేదు. న్యాయనిర్ణేతల్లో ఒకరు రిటైరైన తెలుగు లెక్చరరు, ఒకరు సీరియళ్ళలో చిన్న వేషాలు వేసే ఆయన, మూడో ఆవిడ ఒకప్పుడు పరిషత్తు నాటకాలాడిన పెద్దావిడ. బంటుమిల్లి నుంచి వచ్చిన రొయ్యల రైతొకాయన తన భార్య పొద్దున్నే లేచి తనని కాకుండా చెరువుని కుశలం అడుగుతుందని చెప్పి బాగా నవ్వించాడు. కూచిపూడి దగ్గర నుంచి వచ్చిన అమ్మాయి, నాట్యం నేర్చుకున్న పాపానికి కూరగాయల బేరంలో కూడా కళ్ళు అభినయం పట్టేస్తుంటే కొట్టువాడు భయపడి ధర తగ్గించేస్తాడని చెప్పింది. మావయ్యగారు ముందు వరసలో నిటారుగా కూర్చుని అందర్నీ ఒకే మొహంతో విన్నారు. ఇది వక్తృత్వం కాదని ఆయనకు ఈపాటికి తెలిసే ఉంటుంది. ఆ మొహం చూసి ఏమీ చెప్పలేం.

నన్ను పిలిచారు. వెళ్ళి మైకు పట్టుకున్నాను. ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. నా చిన్నప్పటి నుంచి మైకు పట్టుకున్నది చర్చిలోనే. సండే స్కూల్లో వాక్యం అప్పజెప్పినా, స్త్రీల కూటంలో సాక్ష్యం చెప్పినా, మొదట వచ్చే మాట ఒకటే. చేతికి మైకు చల్లగా తగలగానే నోరు దాని పని అది చేసేసింది.

"ప్రభువు నామంలో మీ అందరికీ నా హృదయపూర్వక వందనములు," అన్నాను.

హాల్లో సగం మంది "వందనాలు" అన్నారు. వాళ్ళూ నాలాగే పెరిగినవాళ్ళు, తెలియకుండానే అనేశారు. అందరికన్నా స్పష్టంగా మావయ్యగారి గొంతు వినిపించింది. సీరియళ్ళాయన కూడా అనేసి, టక్కున నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నారు. మిగిలిన సగం మంది ఒక క్షణం బిత్తరపోయి చూసి, విరగబడి నవ్వారు.

"పొరపాటైందండీ," అన్నాను. "మైకిస్తే మాకు ఇదే వస్తుంది. ఇంకా నయం, కానుకల సంచి తిప్పలేదు."

మళ్ళీ నవ్వారు. ఆ నవ్వు మీద నుంచి లెక్కల క్లాసులోకి వెళ్ళడానికి నాకు దారి కనబడలేదు. వందనాల తర్వాత వచ్చేది ప్రార్థన ఒక్కటే. "మా ఇంట్లో అన్నం ముందు ప్రార్థన ఉంటుందండీ" అని నోరు జారాక ఇక ఆగలేకపోయాను. "దయగల తండ్రీ" అంటూ మావయ్యగారి గొంతు పెట్టి ముందు వరసకేసి చూద్దును కదా, ఆయన అలవాటు కొద్దీ కళ్ళు మూసుకున్నారు. చేతులు కూడా కట్టుకున్నారు. కోపమో బాధో ఆ మొహంలో వెతుక్కోవడానికి కూడా వీలు లేకపోయింది. సృష్టి, కాలవలు, రొయ్యలు, ట్రాన్స్‌ఫార్మరు, మీగడ కట్టిన కోడికూర అన్నీ అయ్యాయి. చివరికి అప్పడం వచ్చింది. "ప్రభువా, అప్పడం తిన్నవాళ్ళను క్షమించు" అనేసరికి హాలు హాలంతా ఊగిపోయింది. వెనక వరసలో మా ఆయన రెండు చేతుల్లో మొహం దాచుకున్నారు. నేను మిగతాది గబగబా చెప్పేసి దండం పెట్టాను.

నాటకాల పెద్దావిడ మైకు తీసుకున్నారు. "బాగా చెప్పావమ్మా. కానీ జనం నవ్వుతుంటే నువ్వు ఆగడం లేదు. నవ్వు వచ్చినప్పుడు దానికి చోటివ్వాలి. అయ్యేదాకా ఆగి, అప్పుడు తర్వాతి మాట అనాలి."

లెక్చరరుగారు కళ్ళజోడు సర్దుకున్నారు. "ఆ అప్పడం మాట మహా గొప్పగా ఉంది. మీరు రాసిందేనా?"

అవునంటే సరిపోయేది. కానీ మావయ్యగారు ఎదురుగా కూర్చుని ఉండగా ఆ మాట నాదని ఎలా చెప్పను?

"కాదండీ. అది మా మావయ్యగారు అన్న మాట. నిజంగానే అన్నారు. ఆయనే, అరుగో."

హాలంతా తిరిగి చూసింది. లెక్చరరుగారు నవ్వి "అయితే మార్కులు ఆయనకి వెయ్యాలన్నమాట. ఒకసారి లేవండి మాస్టారూ, ఓ మాట చెప్పండి" అన్నారు. ఎవరో ఆయన చేతిలో మైకు పెట్టారు. ఆయన నెమ్మదిగా లేచి, వెనక్కి తిరిగి, జనాన్ని ఈ చివర నుంచి ఆ చివరి దాకా చూశారు.

"అందరం కళ్ళు మూసుకుందాం," అన్నారు.

ఇందాక వందనాలన్న సగం మందీ టపటపా మూసేసుకున్నారు. ఆయన ఆగారు. బాగా ఆగారు.

"అప్పడం ఎవరూ తినకండి," అని మైకు ఇచ్చేసి కూర్చున్నారు.

ఆ రోజు ఆయనకు వచ్చినంత నవ్వు ఎవరికీ రాలేదు, అన్ని చప్పట్లు నాకు కూడా పడలేదు. మొదటి బహుమతి రొయ్యల రైతుకి ఇచ్చారు. నాకు ప్రోత్సాహక బహుమతి వచ్చింది, ఒక స్టీలు డబ్బా. అప్పడాలు పోసుకోవచ్చని సీరియళ్ళాయన అన్నారు.

తిరుగు ప్రయాణంలో గుడ్లవల్లేరు దాటాక నేనే ధైర్యం చేశాను.

"మావయ్యగారూ, కోపం వచ్చిందాండీ?"

ఆయన కిటికీలోంచి చేలకేసి చూస్తున్నారు. "కోపమెందుకమ్మాయ్," అన్నారు. "ఆ రోజు నేను నవ్వుతారనే అన్నాను. ఒక్కళ్ళూ నవ్వలేదు."

మా ఆయన కారు వేగం తగ్గించారు. ఇన్నేళ్ళూ మావయ్యగారిని చూసి చాటుగా నవ్వుకున్నది మేమే. ఆయనతో కలిసి నవ్వాల్సిన చోట భయపడి కూర్చున్నదీ మేమే.

"అదొక్కటేనా మావయ్యగారూ, ఇంకా ఉన్నాయా?"

"అప్పుడప్పుడూ ఒకటి వేస్తుంటాను. మీరు కళ్ళు గట్టిగా మూసుకుని ఉంటారు."

అప్పుడు ఒక్కొక్కటే గుర్తొచ్చాయి. "రొయ్యల చెరువులవాళ్ళకి నిద్ర, మా అబ్బాయికి మెలకువ దయచేయి" అన్నారోసారి. ట్రాన్స్‌ఫార్మరు పేలిన వారం "నీ వెలుగు చాలు తండ్రీ, అయినా ఫ్యాను కూడా తిరిగితే బాగుంటుంది" అన్నారు. మేము ఆ రెండింటికీ భక్తిగా ఆమేన్ అన్నాం.

మర్నాడు ఆదివారం. కోడికూర, అప్పడాలు. అప్పడాలు కొత్త డబ్బాలోనే పెట్టాను. మావయ్యగారు కళ్ళు మూసుకున్నారు. సృష్టి అయింది, కాలవలు అయ్యాయి. అప్పుడు అదే గొంతుతో, ఏ తేడా లేకుండా, "ఈ కూర చల్లారకముందే ముగించే జ్ఞానం నీ దాసుడికి దయచేయి ప్రభువా, నీకు అసాధ్యమైనది లేదు కదా" అన్నారు.

నేను నవ్వేశాను. చెంగు అడ్డం పెట్టుకోలేదు. నా వెనకే అత్తయ్య, ఆ తర్వాత మా ఆయన, పిల్లలు అందుకున్నారు. మావయ్యగారు కళ్ళు తెరవలేదు. మా నవ్వు అయ్యేదాకా ఆగి, అది పూర్తిగా అయ్యాక, అప్పుడు వాయుగుండాల దగ్గర మొదలుపెట్టారు.