బొమ్మ మీద చెయ్యి

మా తాతగారు కూర్చుని తగవులు తీర్చిన చావడిలోనే నన్ను రెండో ఏడు కూడా ఒకటో తరగతిలో ఉంచేశారు. చదవడం రాలేదన్నారు. అందులో అబద్ధం లేదు. కాని నాకు చదవడం రాదని అందరికంటే ముందు తెలిసినవాడు, తెలిసి కూడా నాతో చెప్పనివాడు, మా ఇంటి అన్నం తింటున్నవాడే.

పంతొమ్మిదివందల ఇరవైలనాటి మాట ఇది. అప్పటికి మా ముఠా పోయింది. కొండల్లో కొన్ని ఊళ్లు కలిస్తే ఒక ముఠా, దాని పెద్ద ముఠాదారు. తరతరాలుగా ఆ పెద్దరికం, దానితో వచ్చే బాకా, గొడుగు మర్యాదలు మా ఇంటివి. ఘాటీ రోడ్డు పనికి మనుషుల్ని పంపమని దొరతనంవారు కబురు పెడితే, విత్తనాలు జల్లే వేళ నా మనుషులు పోడు విడిచి రారని తాతగారు జవాబు చెప్పారు. ముఠా తీసి, ఊరి పక్క పారే గెడ్డకు అవతలి ఇంటివాళ్లకు ఇచ్చారు. చావడిని బడికి తీసుకున్నారు. తాతగారు ఆ వానాకాలం దాటలేదు. ఆయన పోయాక మా నాన్న నలుగురిలోకి రావడం మానేశాడు. ఇంటిని నిలబెట్టింది మామ్మ, తాతగారి భార్య.

"బాకా పోనాది, గొడుగు పోనాది, సావిడీ పోనాది," అనేది మామ్మ నా తల దువ్వుతూ. "సదువు మాత్తరం ఎవుడట్టుకుపోతాడు? నువ్వు సదువు నాయినా."

చావడిలో ఒకటో తరగతి పిల్లలు గుమ్మం పక్కన ఇసుక ముందు కూర్చునేవారు. పొద్దున ఇసుకలో అక్షరాలు దిద్దడం, మధ్యాహ్నం వాచకం చదవడం. రెండో తరగతివాళ్లు లోపలి గోడ దగ్గర కూర్చునేవారు. తాతగారి గద్దెపీట వేసి ఉండేది ఆ గోడకే. పీట లేకపోయినా దాని కాళ్లు నొక్కుకున్న గుంటలు మట్టినేలలో అలాగే ఉండేవి. నేను రెండో తరగతికి వెళ్లి ఆ గోడకు వీపు ఆనించి కూర్చోవాలి. మామ్మకు కావలసింది అదే. నాకూ అదే.

మేష్టారు కిందినుంచి, పార్వతీపురం వైపునుంచి వచ్చాడు. మన్యం జ్వరానికి భయపడి అంతకు ముందు వచ్చినవాళ్లు నిలవలేదు. ఈయన మొదట్లో మా చేతి వంట తినేవాడు కాదు, తానే వండుకునేవాడు. తరవాత జ్వరం ఆయన్నీ పట్టుకుంది. మామ్మ చోళ్లపిండితో, అదే రాగిపిండితో, జావ కాచి, తల కింద చెయ్యి పెట్టి తాగించింది. లేచాక ఇక వేరే పొయ్యి వెలిగించలేదు. మా అరుగుమీదే అడ్డాకు విస్తరి వేసేవారు. ఆయన తిన్నంతసేపూ మామ్మ పక్కన నిలబడేది. ఇంటికి వచ్చిన పెద్దమనిషికి ఇంటి పెద్ద నిలబడి వడ్డించడం మా ఆచారం.

"మన సావిడికొచ్చినోడు మన సుట్టమే," అనేది.

మేష్టారు వాచకంలో ఒక్కొక్క ముక్కా చదివేవాడు, మేమందరం గొంతెత్తి అనేవాళ్లం. ప్రతి పాఠం మీదా ఒక బొమ్మ ఉండేది. ఆవు బొమ్మ కనిపిస్తే ఆవు పాఠమంతా నా నోట్లోంచి దానంతటదే వచ్చేది. ఆయన చేసినట్టే గీతల కింద వేలు నడిపేవాణ్ణి. మొదలుపెట్టడానికి మేష్టారు మొదటి మాట అందించి బెత్తంతో నేలమీద టక్కుమని కొట్టేవాడు. ఆ చప్పుడు వినబడితే చాలు, చివరిదాకా ఆగేవాణ్ణి కాదు. ఆ నల్లటి వంకరలు చూస్తూ పోతే నాకు ఒకదానిలోంచి ఒకటి జారిపోయేవి, అందుకని వాటిని పట్టించుకునేవాణ్ణి కాదు, పొద్దున ఇసుకలో కూడా ఊరికే వేలు తిప్పేవాణ్ణి. చదవడమంటే అదేననుకున్నాను. మా ఇంట్లో మాట ఎప్పుడూ నోట్లోనే నిలిచేది. ఏ బండనుంచి ఏ గెడ్డదాకా ఎవరి పొలిమేరో తాతగారు తడుముకోకుండా చెబితే ఊరు తల ఒగ్గేది. నేనూ తడుముకోకుండానే చెబుతున్నాను. ఇంకేం కావాలి?

సాయంత్రం మామ్మ ఇరుగుపొరుగు ఆడవాళ్లను అరుగుమీదికి పిలిచి నా చేత చదివించేది. ఒక ముసలావిడ ప్రతిసారీ నోరు నొక్కుకునేది.

"ఏటే అమ్మా, నీ మనవడు కాయితం మీద ఆవుని కూడా పితికేత్తన్నాడు!"

"మరేటనుకున్నావు? పెయ్యిని బేగి ఇడిసి పెట్టుకో, నేకపోతే పాలన్నీ ఆడే తాగేత్తాడు," అనేది మామ్మ. అందరూ నవ్వేవారు. ముఠా పోయాక మా అరుగుమీద వినబడిన నవ్వు అదొక్కటే.

అలాంటి ఒక సాయంత్రం నేను కాకి పాఠం చదువుతున్నాను. పక్కనే మేష్టారు భోంచేస్తున్నాడు. గాలికి పుట తిరిగిపోయింది. నా వేలు వాన పాఠం మీద నడుస్తోంది, నా నోరు కాకి కథ చెబుతూనే ఉంది. మేష్టారి చేతిలో ముద్ద సగంలో ఆగింది. ఆయన చూపు పుటమీద, తరవాత నా మొహంమీద నిలిచింది. నాకు ఆ చూపు ఇప్పటికీ కనిపిస్తుంది. ఎడమచెయ్యి చాపి పుట వెనక్కి తిప్పాడు.

మామ్మ అడిగింది. "ఎలాగున్నాది బాబూ మా గుంటడి సదువు?"

"బంగారమండీ అమ్మగారూ. ఎక్కడా తడుముకోడు."

ఆ రాత్రి మామ్మ ఆయనకు నెయ్యి మరికాస్త వేసింది.

గెడ్డ అవతలి కొత్త ముఠాదారు మనవడు కూడా నా ఈడువాడే, నా పక్కనే కూర్చునేవాడు. వాడికి పాఠం నోటికి కూడా సరిగా వచ్చేది కాదు. మోచేత్తో పొడిచి, "ఒరే, ఆ తరవాతేటొత్తాది? బేగి సెప్పరా," అనేవాడు. నేను చెప్పేవాణ్ణి. ముఠా వాడిదయినా పాఠం నాదే కదా అని లోపల ఒక గర్వం.

పరీక్ష చెయ్యడానికి ఇన్‌స్పెక్టరు కొండ ఎక్కి వచ్చాడు. ఆ రోజు మామ్మ పెట్టెలోంచి పాత పట్టుకోక తీసి కట్టుకుని, చావడి బయట స్తంభం పక్కన నిలబడింది. ముఠా పోయినప్పటినుంచి ఆవిడ ఆ గుమ్మం దగ్గరికి రాలేదు. నేను లోపలి గోడ దగ్గరికి వెళ్లడం చూడాలని వచ్చింది.

ముందు కొత్త ముఠాదారు మనవణ్ణి పిలిచారు. మేష్టారే పుస్తకం అందుకుని ఆవు పాఠం తీసి వాడి చేతిలో పెట్టాడు. మొదటి మాట అందించాడు. బెత్తం టక్కుమంది. వాడు అప్పజెప్పాడు. ఇన్‌స్పెక్టరు తల ఊపాడు.

నన్ను పిలిచారు. "వీడికి ఏ పాఠం?" అన్నాడు ఇన్‌స్పెక్టరు.

"ఈ అబ్బాయిని ఎక్కడైనా అడగవచ్చండీ," అన్నాడు మేష్టారు.

నా ఛాతీ పొంగింది. స్తంభం వైపు చూశాను. మామ్మ మొహం వెలిగిపోతోంది. ఆయన నన్ను పొగిడాడనే ఇద్దరమూ అనుకున్నాం.

ఇన్‌స్పెక్టరు పుస్తకం తనే తీసుకుని తెరిచాడు. నేను బొమ్మ ఏమిటో చూసేలోగా దానిమీద అరచెయ్యి పెట్టి, పుట మధ్యలో వేలు ఆనించాడు. "ఇక్కడినుంచి."

ఆయన చేతి వెనకవైపు చూశాను. వేలికి ఎర్రరాయి ఉంగరం. బెత్తం చప్పుడు కోసం ఆగాను. అది రాలేదు. మేష్టారు బెత్తాన్ని మోకాళ్లమీద అడ్డంగా పెట్టుకుని బయటి కొండవైపు చూస్తున్నాడు.

"చదవవేం?"

"సెయ్యి తియ్యండి బాబూ. బొమ్మ కనబడ్డం నేదు," అన్నాను.

పిల్లలు నవ్వారు. ఇన్‌స్పెక్టరు నవ్వలేదు. వేరే పుట తీశాడు, మళ్లీ బొమ్మ మూశాడు, ఇంకో పుట తీశాడు. తరవాత పుస్తకం మూసి మేష్టారివైపు తిరిగాడు. "ఏమిటిది?"

"నాకు మొదటినుంచీ అనుమానమేనండీ," అన్నాడు మేష్టారు లేచి నిలబడి. "పెద్దిల్లు. చెబితే ఊరుకోరు. గారాబం చేసి, చదువుతున్నాడని వాళ్లకు వాళ్లే అనుకుంటారు. నేనేం చెయ్యనండీ?"

"ఇంకో ఏడు ఇక్కడే ఉండనీండి," అని ఇన్‌స్పెక్టరు తరవాతి పిల్లను పిలిచాడు.

నేను స్తంభం వైపు చూశాను. మామ్మ అక్కడ లేదు.

ఆ సాయంత్రం కూడా విస్తరి పడింది. మేష్టారు వచ్చి కూర్చున్నాడు. మామ్మ ఎప్పటిలాగే నిలబడి అన్నం వడ్డించింది. అప్పుడు అడిగింది.

"నానొక్క మాటే అడుగుతాను బాబూ. నీకు తెలిసే సెప్పలేదా?"

మేష్టారు చాలాసేపు అన్నం కలిపాడు. "అందర్నీ పైకి పంపితే ఇన్‌స్పెక్టరుగారు నమ్మరండీ అమ్మగారూ. ఒక్కరినైనా ఆపాలి. అవతలివాళ్ల అబ్బాయిని ఆపితే నన్ను ఇక్కడ బతకనిస్తారా? మీరంటే పెద్ద మనసున్నవారు, అర్థం చేసుకుంటారని..."

"మేమయితే ఏటీ సెయ్యలేమని," అంది మామ్మ.

ఆయన అన్నం మళ్లీ కలపసాగాడు.

"పప్పు ఎయ్యనా?" అంది.

ఆయన తలెత్తలేదు. మామ్మ పప్పు వేసింది. "తిను బాబూ. అన్నం కాడ కోపం మా ఇంట నేదు."

ఆ మర్నాటినుంచి ఆయనకు అరుగుమీద విస్తరి వెయ్యలేదు. అన్నం మాత్రం ఒక్కపూట కూడా మానలేదు. అడ్డాకు డొప్పల్లో సర్ది, నా చేతికిచ్చి చావడికి పంపేది. "ఒంగకుండా ఎల్లు. ఒంగకుండా రా," అనేది. డొప్పలు ఆయన ముందు పెట్టడానికి మోకాళ్లు వంచేవాణ్ణి కాని నడుము వంచేవాణ్ణి కాదు. మొదట్లో "బాబూ" అని పిలిచేవాడు. నేను పలకలేదు. తరవాత మానేశాడు.

పగలంతా ఇసుక ముందు నాకంటే చిన్నపిల్లల మధ్య కూర్చునేవాణ్ణి. లోపలి గోడకు ఆనుకుని ముఠాదారు మనవడు కాళ్లు చాపుకునేవాడు. వాడికి పాఠం అందించేవాళ్లు లేరు, ఆ ఏడంతా బెత్తం దెబ్బలు తిన్నాడు. నేను ఎవరితోనూ మాట్లాడకుండా ఇసుకలో వేలు నడిపాను. కంటికి జారిపోయే అక్షరం వేలికి జారలేదు. గీసి చెరిపి, గీసి చెరిపి, ఒక్కొక్కటీ వేలికి పట్టుబడింది. వేలినుంచి మెల్లగా కంటికి ఎక్కింది. వానలు వెలిసేసరికి పుటమీది మాటలు కదలకుండా నిలబడ్డాయి.

మళ్లీ ఇన్‌స్పెక్టరు వచ్చాడు. నా వంతు రాగానే మేష్టారు మొదటి మాట అందించి బెత్తంతో టక్కుమని కొట్టాడు. నేను మొదలుపెట్టలేదు. ఆ చప్పుడు పూర్తిగా అణిగేదాకా ఆగాను. అప్పుడు నా అరచెయ్యి నేనే బొమ్మమీద పెట్టి, పుట మధ్యనుంచి చదివాను.

ఇన్‌స్పెక్టరు మేష్టారి భుజం తట్టాడు. "చూశారా, ఒక ఏడు ఆపితే ఎంత మేలయిందో!"

"అవునండీ," అన్నాడు మేష్టారు. మొహం నిండా నవ్వుతున్నాడు.

ఆ మాట తరవాత చాలామంది నాతో అన్నారు. ఆ ఏడు ఆగబట్టే నీకు చదువొచ్చిందన్నారు. వాళ్లకు నేను ఒక్కటే చెబుతాను. గాలికి పుట తిరిగిన సాయంత్రం కూడా ఆ ఇసుక చావడిలోనే ఉంది. "ఇది చదవడం కాదు నాయనా, రా, నేర్పుతాను" అని ఆయన ఆ వేళే అనవచ్చు. అనలేదు. ముద్ద నోట్లో పెట్టుకున్నాడు.

ఆ రోజు లోపలి గోడకు వీపు ఆనించి కూర్చున్నాను. ఇంటికి వెళ్లి పుస్తకం తీసుకుని మామ్మ దగ్గరికి వచ్చాను. ఆవిడ ఇరుగుపొరుగువాళ్లను పిలవలేదు. అరుగుమీద నా పక్కన కూర్చుంది. నేను కాకి పాఠం తీశాను. పొగవాసన వేసే ఆ ముసలి చెయ్యి వచ్చి బొమ్మమీద వాలింది.

"ఇప్పుడు సదువు," అంది.

చదివాను. చివరిదాకా, ఎక్కడా ఆగకుండా.

"బాగున్నాది నాయినా," అంది మామ్మ.

ఆవిడకు అక్షరం రాదు. ఆ చేతి కింద నేను చదివింది నిజమో కాదో తేల్చుకునే దారి ఆవిడకు లేదు. అయినా తరవాత బతికినన్నాళ్లూ, నేను ఏ పుస్తకం తెచ్చినా, బొమ్మ ఉంటే దానిమీద చెయ్యి పెట్టి మరీ వినేది. బొమ్మ లేని పుస్తకమైతే నా మొహంకేసి చూస్తూ వినేది.