సిద్ధాంతిగారు అనని మాట

నా క్షేమం కోసం ఒకావిడ ఏళ్ళ తరబడి దీపం పెట్టింది. నేను ఏ ఊరు బయల్దేరినా, చేరానని ఫోన్‌లో వినేదాకా అన్నం ముట్టేది కాదు. ఆవిడ మా వదిన. ఇన్నేళ్ళూ నేను మోసిన బరువు ఆవిడ భయమే. ఆ భయాన్ని ఆవిడ మనసులో పెట్టింది నేను. పొరపాటున కాదు. ఆలోచించుకుని, మాటలు కూర్చుకుని మరీ పెట్టాను.

నా పేరు చెప్పను. ఎందుకు చెప్పనో చివరికి మీకే తెలుస్తుంది. మిగతాదంతా ఉన్నదున్నట్టు చెబుతాను.

మా అన్నయ్యకి కడియంలో మొక్కల నర్సరీ ఉండేది. మనిషి నెమ్మది. గట్టిగా మాట్లాడగా ఎవరూ వినలేదు. వదిన రాజమండ్రిలో టీచరు. వాళ్ళకి ఒక్కతే పాప. నేను ఉద్యోగరీత్యా కొవ్వూరులో స్థిరపడ్డాను. ఆఫీసు ధవళేశ్వరంలో. రోజూ స్కూటర్ మీద ఆనకట్ట దాటి వెళ్ళేవాణ్ణి. ఎండాకాలం ఆ ఇసక గాలి, వానాకాలం ఆ జల్లు. ఆఫీసుకి చేరేసరికి చొక్కా పిండుకునేలా ఉండేది.

అలాంటి రోజుల్లో అన్నయ్య కారు కొన్నాడు. తెల్ల కారు, చిన్నది. వెనక డిక్కీలో ఎప్పుడూ మట్టి, కొబ్బరి పొట్టు, ఏదో ఒక అంటుమొక్క ఉండేవి. నేను వెళ్ళినప్పుడల్లా ఒక రౌండు తిప్పి తెచ్చేవాణ్ణి. తాళం తిరిగి ఇచ్చేటప్పుడు నవ్వుతూనే ఇచ్చేవాణ్ణి. లోపల ఏముండేదో నాకు తెలుసు. దాన్ని అసూయ అనాలంటే అప్పట్లో ఒప్పుకునేవాణ్ణి కాను. ఇప్పుడు వేరే మాటేదీ దొరకడం లేదు.

అన్నయ్య ఆ కారులోనే పోయాడు.

తణుకులో ఎవరికో మొక్కలు దింపి ఇంటికి వస్తున్నాడు. విజ్జేశ్వరం ఇంకా రాకముందే, కాలువ గట్టు మీద గుండెల్లో నొప్పి వచ్చినట్టుంది. బండిని రోడ్డు పక్కకి తీశాడు. ఇంజను ఆపాడు. హ్యాండ్ బ్రేక్ వేశాడు. వెనకొచ్చే వాళ్ళకి కనబడాలని రెండు వైపులా ఇండికేటర్లు వేశాడు. ఇవన్నీ చేసి, సీటుకి తల ఆన్చి వెళ్ళిపోయాడు. అటుగా వెళ్తున్న పాలాయన చూసి, అన్నయ్య ఫోన్‌లోంచి నాకు చేశాడు. అందరికంటే ముందు చేరింది నేనే. నేను వెళ్ళేసరికి ఇండికేటర్లు ఇంకా వెలిగి ఆరుతూనే ఉన్నాయి. అన్నయ్య నిద్రపోతున్నట్టే ఉన్నాడు. చెయ్యి పట్టుకున్నాను. పిలిచాను. చిన్నప్పుడు పిలిచినట్టు పిలిచాను.

ఏడ్చాను. అది నిజం ఏడుపే. మీరు నమ్మాలి. ఎందుకంటే దీని తరువాత రాయబోయేది కూడా నిజమే.

అన్నయ్యని అంబులెన్సులో ఎక్కించారు. కారు అక్కడ వదిలెయ్యలేం కదా. దాన్ని నేను తోలుకుంటూ అంబులెన్సు వెనకాలే వచ్చాను. ఆనకట్ట మీదకి ఎక్కాక, స్టీరింగ్ ఎంత తేలిగ్గా తిరుగుతోందో అనుకున్నాను. ముందు బండిలో మా అన్నయ్య శవం. కళ్ళమ్మట నీళ్ళు కారుతూనే ఉన్నాయి. ఆ నీళ్ళలోంచే ఆ ఆలోచన వచ్చింది. మనిషి మనసులో ఈ రెండూ పక్కపక్కన ఎలా ఉంటాయి? నాలో ఉన్నాయి. అంతవరకే చెప్పగలను.

కర్మకాండలు అయ్యాయి. చుట్టాలు వెళ్ళిపోయారు. ఒకరోజు నేను వెళ్ళేసరికి వదిన వాకిట్లో కారు తుడుస్తోంది. తడిగుడ్డతో అద్దాలు, తలుపులు తుడిచింది కానీ డ్రైవరు సీటు ముట్టుకోలేదు. ఆ సీటు వెనక అన్నయ్య తువ్వాలు అలాగే వేలాడుతోంది. నన్ను చూసి, “మీ అన్నయ్య నాకు నేర్పుతున్నారు బాబూ, ఆదివారాలు గట్టు మీద. గేర్లు వచ్చేశాయి. రివర్సే రావట్లేదు. నువ్వు కాస్త పక్కన కూర్చుని చూస్తావా? స్కూలుకి దీంట్లోనే వెళ్తాను” అంది.

అలాగే వదినా అన్నాను. అన్నానే గానీ, లోపల మాత్రం ఈవిడకి కారెందుకు అనుకున్నాను. మొగుడు పోయిన మనిషి కారు తోలుకుంటూ స్కూలుకి వెళ్ళడమేంటి, నలుగురూ ఏమనుకుంటారు అనుకున్నాను. నలుగురూ ఏమీ అనుకోలేదు. అనుకున్నది నేను. అప్పు చేసి ఇంకో కారు కొనుక్కోవచ్చు, నాలాంటి వాళ్ళు కొనుక్కుంటున్నారు. కానీ నాకు కావలసింది అదే బండి, అప్పుడే.

మా ఇంటికి మంచీ చెడూ చెప్పే సిద్ధాంతిగారొకాయన ఉండేవారు. పెద్దాయన. బండి సంగతి అడిగొస్తానని వదినకి చెప్పి, నేనొక్కణ్ణే ఆయన దగ్గరికి వెళ్ళాను. ప్రాణం పోయిన బండి ఆ ఇంట్లో ఉండొచ్చా అని అడిగాను. ఉండకూడదు అంటారని ఆశపడ్డాను. ఆయన తల కూడా ఎత్తకుండా, “ఇనుప వస్తువుకి దోషమేంటయ్యా? శుభ్రంగా కడుక్కుని, ఒక కొబ్బరికాయ కొట్టి వాడుకోమను. ఆ పిల్ల బస్సుల వెంట తిరక్కుండా సుఖపడుతుంది” అన్నారు. ఆ పిల్ల అంటే వదిన.

నమస్కారం పెట్టి వచ్చేశాను. కడియం వెళ్ళే దారంతా మాటలు వెతుక్కున్నాను. ఆ సంభాషణ ఇవాళ్టికీ అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది.

“వెళ్ళొచ్చావా బాబూ? సిద్ధాంతిగారు ఏమన్నారు?”

“చెప్పమంటారా వదినా?”

“చెప్పు. ఇంతకంటే ఏముంటుంది?”

“ప్రాణం పోయిన బండి అదే గడప ముందు ఉండకూడదన్నారండి. ఉంటే ఇంకొకళ్ళని అడుగుతుందట.”

వదిన లోపలికి చూసింది. పాప నేల మీద బోర్లా పడుకుని బొమ్మలకి రంగులేసుకుంటోంది.

“ఇంకొకళ్ళంటే? పాపనా?”

“పేరు పెట్టి చెప్పలేదండి.”

“అయితే అమ్మేద్దాం.”

“తెలిసి ఎవరు కొంటారు? చెప్పకుండా అంటగడితే ఆ పాపం మనదే కదండీ.”

“మరేం చేద్దాం బాబూ?”

“నేను తీసుకెళ్తాను వదినా. నా జాతకానికి అది అంటదని ఆయనే అన్నారు.”

“నీకు మాత్రం పిల్లలు లేరా? వద్దు నాయనా.”

“పర్లేదండి. అన్నయ్య బండి. ఎక్కడో తుక్కు కింద పడేసే కంటే నా దగ్గరే ఉండనివ్వండి.”

వదిన నా రెండు చేతులూ పట్టుకుని కళ్ళకి అద్దుకుంది. మా కోసం ఇంత కష్టం నీ మీద వేసుకుంటున్నావా అని ఏడ్చింది. నేను చేతులు వెనక్కి తీసుకోలేదు. ఆ సాయంత్రమే కారు కొవ్వూరు తెచ్చుకున్నాను. ఆ వారంలోనే తువ్వాలు తీసేశాను, లోపలంతా కడిగించాను, సీటు కవర్లు కొత్తవి వేయించాను. అన్నయ్య వాసన లేకుండా చేశాను.

మీకు అనుమానం రావచ్చు, ఆ బండిలో కూర్చుంటే నాకు భయం వెయ్యలేదా అని. లేదు. ఒక్కరోజు కూడా వెయ్యలేదు. నేను అలాంటివి నమ్మే మనిషిని కాను. నమ్మకం లేనివాణ్ణి కాబట్టే నమ్మేవాళ్ళ మీద అంత సులువుగా వాడగలిగాను. హాయిగా ఆఫీసుకి వెళ్ళాను. భార్యాపిల్లల్ని అన్నవరం తీసుకెళ్ళాను, అరకు తీసుకెళ్ళాను. ఆ బండి నన్ను దారి మధ్యలో ఎన్నడూ ఆపలేదు. సిద్ధాంతిగారు ఆ ఏడాదే కాలం చేశారు. కబురు విన్నప్పుడు, ఇక ఎవరూ అడగడానికి లేరని నా ప్రాణం కుదుటపడింది. ఇది కూడా రాయాలి.

అయితే ఒక సంగతి నేను లెక్కలోకి తీసుకోలేదు. వదిన నన్ను అంత ప్రేమగా తలుచుకుంటుందని. అమావాస్య వస్తుందంటే కొవ్వూరు వచ్చే వాళ్ళెవరి చేతనో నిమ్మకాయలు పంపేది, చక్రాల కింద పెట్టి తొక్కించమని. నేను పొరుగూరు వెళ్తున్నానని తెలిస్తే నిద్రపోయేది కాదు. ఫోన్ వచ్చేది.

“చేరావా బాబూ?”

“చేరాను వదినా.”

ఆ రెండు మాటలే. మా ఇంటికి ఎన్నిసార్లు వచ్చినా ఆవిడ ఆ కారెక్కలేదు. దింపుతానంటే వద్దని బస్సుకి వెళ్ళేది. ఆటోల్లో, బస్సుల్లో, నిలబడి, చేతిలో పిల్లల పరీక్ష పేపర్ల సంచితో అన్నేళ్ళు తిరిగింది. ఒక వానరోజు రాజమండ్రి బస్టాండు ముందు గొడుగు పట్టుకుని ఆటో కోసం నిలబడి ఉండగా చూశాను. నేను కారులో ఉన్నాను. ఆపినా ఎక్కదని తెలుసు. ఆపలేదు. ఎక్కదని ఆపలేదా, ఎందుకు ఎక్కదో గుర్తొచ్చి ఆపలేదా? మీరు ఏదనుకున్నా నేను కాదనను.

మొన్న వేసవిలో పాపకి ఉద్యోగం వచ్చింది. పాప అంటున్నానే గానీ పెద్దదైంది. “బాబాయ్, నాకు డ్రైవింగు నేర్పు. నాన్న బండిలోనే నేర్చుకుంటా” అని అడిగింది. సరేనన్నాను. ఆ మర్నాడు వదిన మా ఇంటికి వచ్చింది. మా ఆవిడ స్కూటీ వేసుకుని బజారుకి వెళ్ళింది. వదిన అరుగు మీదే కూర్చుంది. లోపలికి రమ్మన్నా రాలేదు.

“దానికి నేనేం చెప్పినా వినట్లేదు బాబూ. నువ్వే కాదను. నువ్వింతకాలం మా కోసం మోసింది చాలు. పిల్లని మాత్రం దాంట్లో ఎక్కనివ్వకు. నీ కాళ్ళు పట్టుకుంటాను” అంది. నిజంగానే వంగబోయింది.

అప్పుడు చెప్పేశాను. ధైర్యం వచ్చి చెప్పానని అనుకోకండి. ఆ చేతులు నా కాళ్ళ దాకా రావడం భరించలేకపోయాను. సిద్ధాంతిగారు ఏమన్నారో, ఏమనలేదో, నేనేం కల్పించానో, ఎందుకు కల్పించానో అంతా చెప్పాను. అన్నయ్య వల్లనో, అప్పటి పరిస్థితుల వల్లనో అని ఎక్కడా తప్పించుకోలేదు.

వదిన కొంగు సర్దుకుని మళ్ళీ అరుగు మీద కూర్చుంది. తరువాత అడిగింది.

“ఆ పిల్ల సుఖపడుతుంది అన్నారా ఆయన?”

“అన్నారండి.”

లేచి కారు దగ్గరికి నడిచింది. తలుపు తీసి డ్రైవరు సీట్లో కూర్చుంది. స్టీరింగ్ మీద చెయ్యి వెయ్యలేదు. సీటుకి తల ఆన్చి కూర్చుంది, అంతే. నేను గుమ్మంలోనే నిలబడ్డాను. కొంతసేపటికి, నన్ను చూడకుండానే అంది.

“నువ్వు దీన్ని తీసుకెళ్ళిన రోజు, ఒక్కసారి ఇందులో కూర్చుని ఏడవాలనిపించింది. ఆయన ఆఖరున కూర్చున్న చోటు కదా. పిల్లకి ఏమైనా అవుతుందేమోనని కూర్చోలేదు.”



ఇంటికి దింపమంది. పక్క సీట్లోకి మారింది. వంతెన మీద వెళ్తుంటే కిటికీ అద్దం దించుకుని గోదావరిని చూస్తూ కూర్చుంది. నడివంతెన మీద ఉండగా నోరు విప్పింది.

“పాపకి ఇది చెప్పకు. దానికి నాన్న లేడు. ఇప్పుడు బాబాయిని కూడా లేకుండా చెయ్యకు.”

“అలాగే వదినా.”

“మీ ఆవిడకీ చెప్పకు. ఎవరికీ చెప్పకు. నేను క్షమించానని మాత్రం అనుకోకు.”

కడియంలో ఇంటి ముందు ఆపాను. చెయ్యి చాపింది. తాళం ఇచ్చాను. లోపల్నించి పాప పరుగెత్తుకొచ్చింది. బండి ఇక్కడే ఉంటుందని వాళ్ళమ్మ చెప్పగానే నన్ను చుట్టేసుకుంది. “ఇచ్చేస్తున్నావా బాబాయ్? నీలాంటి బాబాయి ఎవరికుంటారు!” అంది. దాని భుజం మీదుగా వదిన మొహం కనబడింది. ఆవిడ చూపు తిప్పుకోలేదు. నేను కూడా తిప్పుకోలేదు. పాప వీపు తట్టి, బస్సు ఎక్కి కొవ్వూరు వచ్చేశాను.

అప్పటినుంచి వదిన నాకు ఫోన్ చెయ్యలేదు. పండక్కి పిలిచింది. వడ్డించింది. అందరి ముందూ మామూలుగానే ఉంది. బాబూ అని మాత్రం అనడం లేదు. పాపకి రివర్సు కూడా వచ్చేసిందట, తనే వాళ్ళమ్మకి నేర్పుతోందట. చుట్టాలంతా నా గురించి గొప్పగా చెప్పుకుంటున్నారు. అన్నయ్య గుర్తుగా ఉన్న బండిని ఎంత పెద్ద మనసుతో ఇచ్చేశాడో అంటున్నారు. తల ఊపుతున్నాను. వదినకి ఇచ్చిన మాట ప్రకారం ఊపాలి.

నా వాళ్ళెవరికీ చెప్పకూడదు కాబట్టి, నేనెవరో తెలియని మీకు చెప్పాను. క్షమించమని మిమ్మల్ని అడగను. అది మీ చేతిలో లేదు. ఆ ఇనుప వస్తువుకి ఏ దోషమూ లేదు. సిద్ధాంతిగారు ఆ మాట అనలేదు. నేనే అన్నాను.