నాడి చూసే అక్క

జర్మనీలోని కార్ల్స్‌రూహెలో నాతో ఒకే ఇంట్లో అద్దెకున్న అక్క ఎవరి చేయి అందుకున్నా, ఆమె వేళ్లు వాళ్ల నాడి మీదికే వెళ్లేవి. ఆమె చైనాలో మెడిసిన్ చదివింది. నాలుగో ఏడాది సెలవులకు ఇంటికొచ్చినప్పుడు కరోనా మొదలై, తిరిగి వెళ్లనివ్వలేదు. మిగతా చదువంతా ఫోన్లోనే ముగిసింది. "రోగిని ముట్టుకోకుండనే డాక్టర్నైన" అని నవ్వేది. ఆ చదువు చెల్లదని ఇక్కడి ఆఫీసువాళ్లు తేల్చేశాక, వృద్ధాశ్రమంలో ముసలివాళ్లకు స్నానాలు చేయించే పనిలో చేరింది.

ఒక ఉదయం ఒక తాతకు చొక్కా తొడుగుతూ, ఆయన నాడి లయ తప్పుతోందని గమనించింది. నర్సుకు చెబితే, "అది నీ పని కాదు" అందట. అక్క వదల్లేదు. గొడవపడి అంబులెన్స్ పిలిపించింది. తాత బతికాడు.

వారం తర్వాత ఆయన కూతురు చాక్లెట్లు తెచ్చి, "మీరు కనిపెట్టకపోతే నాన్న దక్కేవాడు కాదు" అని నర్సు చేతులు పట్టుకుంది. నర్సు కాదనలేదు. పక్కనే నిలబడ్డ అక్కను మాత్రం ఆ కూతురు దుప్పటి మార్చమంది. అక్క మార్చింది.

ఇంటికొచ్చి ఇదంతా చెబితే నాకు ఒళ్లు మండింది. "కనిపెట్టింది నేనేనని చెప్పాల్సింది కదక్కా!" అన్నాను.

"నువ్వెవరని అడుగుతది గద చెల్లె," అంది అక్క. "ఎవర్నని చెప్పాలె?"